రాతికాగుల దగ్గర పిలిచిన పేరు

ఏప్రిల్ ఇరవై ఏడు, ఆదివారం, ఉదయం పదకొండు పదికి శేవంతా రాతికాగుల దగ్గర తన భర్తను పేరు పెట్టి పిలిచింది. పెళ్లయిన ఇరవై ఐదేళ్లలో ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. ఆ భర్త, సోపాన, ఏటిలో పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

కాగులు వాళ్ల ఊరు పింపళ్‌వాడికి రెండు మైళ్లు. నది రాతిని తొలిచి వాటిని చేసింది. కొన్ని మనిషి నిలువు లోతు. కొన్నింటి అడుగు ఎవరూ చూడలేదు. అక్కడ ఎవరూ ఎవరినీ పేరుతో పిలవరు. పేరు వింటే రాయి దాన్ని ఉంచేసుకుంటుందంటారు. అందుకని చప్పట్లు కొడతారు. ఇంటికో లెక్క ఉంటుంది. సోపాన ఇంటిది రెండు, ఆగి ఒకటి.

తొమ్మిదేళ్ల కిందట నీళ్లు రావడం చూసి శేవంతా ఆ లెక్కనే కొట్టింది. ఆ రోజు పుణె నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు పాటకు చప్పట్లు కొడుతున్నారు. కాగు అంచున గొర్రెను కడుగుతున్న సోపాన తల తిప్పలేదు. మర్నాడు గొర్రె దొరికింది. మనిషి దొరకలేదు. ఏడేళ్లు ఆగి, చనిపోయినట్టు కాగితం ఇచ్చారు.

శేవంతా కుంకుమ తియ్యలేదు. ఇప్పుడు మే పదకొండున కూతురు మయూరి పెళ్లి. శుభలేఖ అచ్చు ఆగింది. తండ్రి పేరు ముందు కీర్తిశేషులు అని వెయ్యాలా వద్దా అన్నది శేవంతా చెప్పాలి.

ఆ ఆదివారం మయూరి, కాబోయే భర్త ఋషికేశ ఫొటోల కోసం కాగుల దగ్గరకు వచ్చారు. ఫొటోగ్రాఫరుతో కలిసి ముగ్గురూ కింది బండ మీదకు దిగారు. శేవంతా, ఆమె ఆడపడుచు సఖూ పై గట్టున కూర్చున్నారు.

"పెళ్లికి ముందే ఇన్ని తీస్తే పెళ్లిలో ఏం తీస్తాడు వహినీ వీడు? ఎంగిలి విస్తళ్లా?" అంది సఖూ.

శేవంతా నవ్వకపోవడం చూసి సఖూ అసలు మాటకొచ్చింది.

"సాయంత్రానికి మాట చెప్పు. అచ్చువాడు ఇంక ఆగనన్నాడు."

"నేను ఆయన్ను పిలవనే లేదు సఖూ. పిలవకుండానే పోయాడని ఎట్లా వేయించను?"

"చప్పట్లు కొట్టావు కదా."

"అందరూ కొట్టారు."

కింద మయూరి చప్పట్లు కొట్టింది. రెండు, ఆగి ఒకటి.

"ఏంటది, పావురాన్ని పిలిచినట్టు?" అన్నాడు ఋషికేశ. అతనిది పుణె.

"ఇక్కడ ఇంతే. పేరెత్తావంటే మా సఖూ ఆత్య నీ చెవి మెలేస్తుంది."

పై ఆనకట్ట నుంచి పన్నెండుకు నీళ్లు వదులుతారని ముందురోజు దండోరా వేశారు. కానీ పదకొండు దాటగానే కాగుల్లో నీటి మీద గడ్డిపరకలు తిరగడం శేవంతా చూసింది. నీటి రంగు మారింది. ఆమె లేచి చప్పట్లు కొట్టింది. అవతలి గట్టున బట్టలుతికే ఆడవాళ్లూ తమ పిల్లల కోసం కొడుతున్నారు. మయూరి కెమెరా వైపే చూస్తోంది.

శేవంతా కూతుర్ని పిలవాలని నోరు తెరిచింది.

"సోపానా!"

మయూరి తల తిప్పింది. తల్లి నోట ఆ పేరు ఆమె ఎన్నడూ వినలేదు. తల్లి ముఖం చూసి, ఋషికేశ చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. ఫొటోగ్రాఫరు వెనకే వచ్చాడు. వాళ్లు గట్టెక్కిన రెండు నిమిషాలకు కింది బండ మునిగింది.

"ఆయీ, ఎవరిని పిలిచావు?"

శేవంతా గట్టు అంచున కూర్చుని కుడి అరచెయ్యి చాపింది. అక్కడ పేరు పెట్టి పిలిచినవాళ్లు అలా కూర్చోవాలి. పిలిపించుకున్న మనిషి వచ్చి చెయ్యి తాకేదాకా, లేదా పొద్దు గుంకేదాకా లేవకూడదు. మయూరి తన చెయ్యి అందులో పెట్టింది. శేవంతా దాన్ని తీసి పక్కన పెట్టింది.

"నిన్ను పిలవలేదమ్మా."

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నీళ్ల కింద నుంచి చప్పుడు వచ్చింది. రెండు, ఆగి ఒకటి. కొంతసేపటికి మళ్లీ అంతే.

"కాగుల్లో గాలి ఉంటుంది ఆత్యా. నీళ్లు లోపలికి దిగితే అది పైకి తన్ని..." అన్నాడు ఋషికేశ.

"నీ చదువు పుణెలో పెట్టుకో నాయనా. లెక్క విను," అంది సఖూ. కాసేపటికి ఆమె ఏడ్చింది. "మా అన్న గొంతయినా వినిపించొచ్చు కదా."

నాలుగింటికి సఖూ జొన్న భాకరీ తెచ్చింది. శేవంతా ఎడమ చేత్తో సగం తింది. అచ్చువాడు రెండుసార్లు ఫోన్ చేశాడు. మయూరి ఎత్తలేదు. ఐదున్నరకు చప్పుడు ఆగింది.

"కాళ్లు పట్టేశాయా ఆయీ?"

"మాట్లాడకు."

ఆ తరువాత ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఏమన్నదీ పక్కనున్న మయూరికి వినపడలేదు.

ఆరు యాభై ఆరుకు పొద్దు గుంకింది. శేవంతా కళ్లు తెరిచి, అచ్చువాడికి ఫోన్ చెయ్యమంది.

"ఏమని చెప్పను?"

"కీర్తిశేషులు అని వెయ్యమను."

లేపడానికి మయూరి ఆమె కుడిచెయ్యి పట్టుకుంది. ఆ గట్టుకూ నీళ్లకూ మధ్య పన్నెండు అడుగులు. శేవంతా పొద్దుటి నుంచీ అక్కడి నుంచి కదలలేదు. ఆ చెయ్యి మణికట్టు దాకా తడిసి ఉంది.