క్రషర్ హాల్టుకి నూట పది టికెట్లు

కాపురానికి వచ్చేనాటికి నా చేతిలో ఉన్నవి రెండే రెండు. ఒకటి, మా నాన్న కిరాణా కొట్లో పదేళ్లు కూర్చుని నేర్చుకున్న నోటి లెక్క. రెండోది, ఎదురుగా నిలబడ్డ మనిషి కొనడానికొచ్చాడో ఊరికే బేరమాడటానికొచ్చాడో మొహం చూసి చెప్పగలిగే కన్ను. ఈ రెంటినీ మా ఆయన మొదటి నెలలోనే పసిగట్టాడు. రెండో నెలలో నన్ను స్టేషను కిటికీ వెనక కూర్చోబెట్టాడు.

మాది గనుల లైను మీద చిన్న హాల్టు. పట్నం నుంచి కొండ మీద గనుల దాకా వేసిన లైను ఇది. ఎర్రటి ఖనిజం కిందికి దింపడానికే వేశారు, మనుషుల కోసం కాదు. ఖనిజం వ్యాగన్ల వెనక రెండు ప్రయాణికుల పెట్టెలు తగిలిస్తారు. పొద్దున పట్నానికి, సాయంత్రం వెనక్కి. ఇంత చిన్న హాల్టుకి రైల్వే ఉద్యోగి ఉండడు. టికెట్లు అమ్మే పని కమిషన్ మీద ఏజెంటుకి ఇస్తారు. ఏజెంటు మా ఆయన. అమ్మేది నేను.

పద్నాలుగేళ్లు అమ్మాను. పొద్దున వంట ముగించి, అత్తయ్యకి మందులిచ్చి, ఆరింటికి కిటికీ తీస్తాను. పక్కనే బల్ల వేసుకుని టీ, బన్నులు కూడా నేనే అమ్ముతాను. మా ఆయన తొమ్మిదింటికి లేచి స్టేషను బల్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లతో గనుల భవిష్యత్తు గురించి మాట్లాడతాడు. నా చేతిలోంచి టికెట్ తీసుకుంటూనే జనం అడిగేవారు, "ఏజెంటు గారు లేరా అమ్మా?" అని. ఉన్నారు, అదిగో ఆ బల్ల మీద ఉన్నారు, అనేదాన్ని. మొదట్లో నవ్వుతూ అనేదాన్ని.

ఇదంతా నేను మోయగలిగేదాన్నే. నా తోడికోడలు రాకపోయి ఉంటే.

ఆరేళ్ల కిందట, పెళ్లైన ఏడాదికే మా మరిది వ్యాన్ కొన్నాడు. గని నుంచి పట్నానికి రోడ్డు మీద మనుషుల్ని చేరవేసే వ్యాన్. తోడికోడలు ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చునేది. భుజానికి తోలు సంచీ. నోట్లు పొడుగ్గా మడిచి వేళ్ల సందున పెట్టుకుని, తల తిప్పకుండానే చిల్లర వెనక్కి అందించేది. జనం ఆమెను 'ఓనరమ్మ' అని పిలిచేవారు. పద్నాలుగేళ్లు కిటికీలో కూర్చున్న నన్ను 'ఏజెంటు గారి ఆవిడ' అనేవారు. ఆ వ్యాన్ హారను వినిపిస్తే చాలు, చేతిలో పని ఆపి కిటికీలోంచి తొంగిచూసేదాన్ని. ఆమె చెప్పులు చూసేదాన్ని. మడమలు చూసేదాన్ని. నా మడమల పగుళ్లలో గనుల ఎర్ర ధూళి ఎంత రుద్దినా పోదు. ఆమెవి శుభ్రంగా ఉండేవి. వ్యాన్ వాళ్లకి నేల మీద నడిచే పనేముంది?

అత్తయ్య ఊరుకునే మనిషి కాదు. "చిన్నది అడుగుపెట్టింది, ఇంటికి బండొచ్చింది. పెద్దదొచ్చాక ఉన్న రైళ్లే తగ్గిపోయాయి" అనేది, నేను కాళ్లు పడుతున్నప్పుడే.

రైళ్లు తగ్గిన మాట నిజమే. రెండు గనుల్లో ఒకటి మూతపడింది. రెండోదాని ఖనిజం సగం లారీల్లో పోతోంది. రోజుకి ఆరు వ్యాగన్ బళ్లు నడిచే లైను మీద రెండు మిగిలాయి. ఇంతకీ నన్ను అన్నిటికన్నా మండించింది ఏమిటంటే, ఆ వ్యాన్ ఉన్న మనిషి ప్రతి బుధవారం వచ్చి నా కిటికీలోనే పట్నానికి టికెట్ కొనుక్కునేది. ఇంట్లో బండి పెట్టుకుని రైలెక్కడమేమిటి? నాకు చూపించుకోవడానికి కాకపోతే? "అక్కా, ఒకటి పట్నం" అనేది సంచీలోంచి సరిగ్గా చిల్లర తీసి. నేను ఆమె మొహం వైపు చూడకుండా తేదీ ముద్ర గట్టిగా గుద్దేదాన్ని.

అలా ఉండగా నోటీసు అంటించారు. వచ్చే నెలంతా టికెట్లు లెక్కిస్తారట. రోజుకి యాభై మందైనా లేకపోతే ప్రయాణికుల పెట్టెలు తీసేస్తారు, హాల్టు మూసేస్తారు.

ఆ కాగితం రెండుసార్లు చదివాను. కిటికీ పోతే నాకు మిగిలేది వంటిల్లు, అత్తయ్య కాళ్లు. మనుషులందరూ తోడికోడలి వ్యాన్ ఎక్కుతారు. నేనూ ఎక్కాలి. ఆమె చేతికి చిల్లరివ్వాలి.

ఊరి పెద్దలు స్టేషను బల్ల మీదే సమావేశమయ్యారు. మా ఆయన, గనిలో రిటైరైన మేస్త్రీ, బడి మాస్టారు. నేను టీ పోస్తున్నాను. మేస్త్రీ గారే ఉపాయం చెప్పాడు: ప్రతి ఇల్లూ రోజుకో టికెట్ కొనాలి, ఎక్కక్కర్లేదు. అన్నిటికన్నా చవకది కొంటే ఎవరికీ భారం ఉండదు. చవకది అంటే పక్క స్టేషను, క్రషర్ హాల్టు. అక్కడ రాళ్లు పిండిచేసే క్రషర్ మూతపడి ఆరేళ్లయింది. ఇప్పుడక్కడ ఒక సిమెంటు బల్లా, రెండు కుక్కలూ ఉన్నాయి.

"మనిషి లేని చోటికి రోజూ వందమంది ఎందుకు పోతున్నారని అడగరా?" అన్నాను గ్లాసులు ఏరుతూ.

"లెక్కపెట్టేవాడికి అంకె కావాలి, ఊరి పేరెందుకు?" అన్నాడు మా ఆయన. "నువ్వు టికెట్ చింపివ్వు, చాలు. బుర్ర మా దగ్గరుంది."

"వదిలెయ్ ఏజెంటూ, ఆడవాళ్లకి అన్నీ అనుమానాలే" అన్నాడు మేస్త్రీ. మాస్టారు నవ్వాడు. టీ బాగుందని కూడా అన్నాడు.

చింపాను. రోజుకి నూట పది, నూట పన్నెండు. కొన్నవాళ్లు టికెట్ జేబులో వేసుకుని ఇంటికి పోయేవారు. బొటనవేలికి సిరా మరక నెలంతా వదల్లేదు.

నెలాఖరున లెక్క చూడటానికి రైల్వే అధికారి వచ్చింది. ఆడమనిషి, నాకన్నా చిన్నది. కారులో వస్తుందని మావాళ్లు రోడ్డు వైపు దండలు పట్టుకుని నిలబడ్డారు. ఆమె పొద్దున్నే పట్నం నుంచి పైకి పోయే ఖాళీ వ్యాగన్ల బండిలో, గార్డు పెట్టెలో వచ్చి వెనక నుంచి దిగింది. బూట్ల నిండా ఎర్ర ధూళి. ఆ బూట్లు చూసి కూడా నాకు అసూయే. జీతం ఇచ్చి మరీ ఆమెను ధూళిలో నడిపిస్తున్నారు.

"ఏజెంటు ఎవరు?"

"నేనేనండి" అన్నాడు మా ఆయన చొక్కా గుండీ పెట్టుకుంటూ.

"ఈ నెల క్రషర్ హాల్టుకి మూడు వేల మూడొందల టికెట్లు అమ్మారు. తిరుగు టికెట్ ఒక్కటి లేదు. వెళ్లినవాళ్లంతా ఏమయ్యారు?"

మేస్త్రీ గారు గొంతు సవరించుకున్నాడు. "నడిచొస్తారమ్మా. ఆరోగ్యానికి మంచిదని."

"తొమ్మిది కిలోమీటర్లా?"

"పొద్దున్నే చల్లగా ఉంటుంది కదండీ" అన్నాడు మాస్టారు.

ఆమె నవ్వలేదు. ఇవి దొంగ అమ్మకాలని రాస్తే ఏజెన్సీ రద్దవుతుందనీ, హాల్టు లెక్కలో సున్నా పడుతుందనీ చెప్పింది. మా ఆయన చెయ్యెత్తి కిటికీ వైపు చూపించాడు.

"అమ్మింది ఆవిడండి. నాకేం తెలీదు. అసలు నేనా కుర్చీలో ఎప్పుడూ కూర్చోనేలేదు. పద్నాలుగేళ్లుగా అంతా ఆవిడే."

పద్నాలుగేళ్లలో ఎవరి ముందూ అనని మాట, తప్పు నెత్తిన పడేసరికి ఇరవైమంది సాక్షిగా అనేశాడు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ బేరం చేసేవాళ్లకి ఒక సంగతి తెలుసు. అవతలివాడు తొందరలో చేజార్చినదాన్ని వెంటనే అందుకోవాలి. ఆలస్యం చేస్తే వెనక్కి తీసుకుంటాడు.

"అవునండి" అన్నాను. "పద్నాలుగేళ్లుగా అమ్మేది నేనే. ఆయన అన్నమాట రాసుకోండి. ఈ నెల దొంగ టికెట్లు చింపిందీ నేనే, అదీ రాసుకోండి. నిజం లెక్క కావాలంటే ఇదిగో."

బన్నుల డబ్బా కింద నుంచి క్యాలెండరు కాగితాల కట్ట తీసిచ్చాను. మర్నాటికి ఎన్ని బన్నులు తెప్పించాలో తెలియాలని రోజూ ఎక్కినవాళ్లకి ఒక్కో గీత గీసుకునేదాన్ని. గనిలో ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రికి పోయేవాళ్లు, బడిపిల్లలు, పట్నంలో ఇళ్లూ ఆఫీసులూ ఊడ్చే ఆడవాళ్లు. టికెట్ లేకపోయినా గార్డు మొహమాటపడి వదిలేసేవాళ్లు కూడా అందులో ఉన్నారు. బన్ను తినడానికి టికెట్ అక్కర్లేదు కదా. ఈ నెలవీ ఉన్నాయి, అంతకుముందు ఏళ్లవీ ఉన్నాయి.

అధికారి అక్కడే స్టేషను బల్ల మీద కూర్చుని గీతలు కూడింది. రోజుకి యాభై ఎనిమిది. తర్వాత ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లని ఒక్కొక్కరినీ అడిగింది, నిజంగా ఎక్కేవాళ్లేనా, ఎందుకెక్కుతున్నారని. ఆరోజు బుధవారం. వరసలో తోడికోడలు ఉంది.

"ఈవిడకి సొంత వ్యానుందండి" అన్నాడెవరో వెనక నుంచి.

"మరి రైలెందుకు?" అంది అధికారి.

తోడికోడలు సంచీ పట్టీ సవరించుకుంది. "బుధవారం పట్నంలో సంతండి. వ్యాన్ నిండిపోతుంది. ముందు సీటుకీ మనిషి దొరుకుతాడు. నన్ను దిగి రైల్లో రమ్మంటాడు మా ఆయన. నా సీటు ఖాళీ అయితే ఒక టికెట్ కదండీ."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆమె నా వైపు చూసింది. "సంచీలో డబ్బు లెక్క సాయంత్రం ఆయనకి అప్పజెప్పాలి. రైలు టికెట్ డబ్బులు మాత్రం నావే, అక్కా. మా అమ్మ ఇచ్చినవి."

ఇన్ని బుధవారాలు నేను ముద్ర ఎంత గట్టిగా గుద్దానో అప్పుడు తెలిసింది.

రెండు నెలలకి ఉత్తర్వులొచ్చాయి. రెండు పెట్టెల్లో ఒకటి తీసేస్తారు. రెండోది ఏడాది నడుస్తుంది. గని ఉంటే తర్వాత చూస్తారు. దొంగ అమ్మకాలకి మా ఆయన ఏజెన్సీ రద్దు. కొత్తగా దరఖాస్తులు పెట్టుకోవచ్చు. అధికారి తన నివేదికలో ఏం రాసిందో నాకు తెలియదు గానీ, నా కాగితాల కట్ట మాత్రం రసీదుతో తిరిగి పంపింది. రసీదు మీద పేరు నాది.

దరఖాస్తు నింపుతుంటే మా ఆయన ఎదురొచ్చి నిలబడ్డాడు. "నా పేరు మీదున్నది నీ పేరు మీదికి లాక్కుంటావా? జనం ఏమనుకుంటారు?"

"మీరే కదా అందరిలో చెప్పారు. ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదని."

"భయంతో అన్నాను."

"భయంతోనైనా నిజమే అన్నారు" అని సంతకం పెట్టాను.

నాతో పోటీకి ఎవరూ రాలేదు. ఏడాది తర్వాత ఉంటుందో ఊడుతుందో తెలియని లైనుకి ఎవరు దరఖాస్తు పెడతారు? కిటికీ పైన బోర్డు నా పేరుతో మార్చారు. పెయింటరు అక్షరాలు కొంచెం వంకరగా వేశాడు. కూలి పూర్తిగానే ఇచ్చాను.

తర్వాతి బుధవారం తోడికోడలు వచ్చింది. టికెట్ అడగలేదు. తలెత్తి బోర్డు చదివింది. నా కుర్చీ చూసింది, డబ్బు సొరుగు చూసింది, దాని తాళంచెవి నా చేతిలోని గుత్తిలో ఉండటం చూసింది. చివరికి నన్ను చూసింది. ఆ చూపు నేను గుర్తుపట్టలేకపోతే ఇంకెవరు గుర్తుపడతారు? ఆరేళ్లు నేను దాన్ని వ్యాన్ అద్దం లోపలికి విసిరినదాన్నే.

లెక్క చూసుకుంటే పెద్దగా ఏమీ లేదు. ఒక పెట్టె, ఒక ఏడాది, ఇంట్లో మాట్లాడని ఒక మగమనిషి. గని మూతపడితే బోర్డు కూడా పాత ఇనుమే. వాటిని పక్కన పెడితే మిగిలిన లాభం ఒక్కటి: ఒక ఆడది నన్ను చూసి కుళ్లుకుంది. వచ్చే బుధవారం నుంచి ఆమెను లోపల కూర్చోబెట్టి టికెట్ చింపడం నేర్పాలని అప్పుడే అనుకున్నాను. కానీ ఆ ఒక్కరోజు, సాయంత్రం బండి వచ్చేదాకా, ఆ కుళ్లు మొత్తం నాకే ఉంచుకున్నాను.