రాగిపొట్టు గురించి చెప్పిన సగం మాట

గిరీశ్ ఫోన్ చేసేసరికి చైత్ర చింతామణిలో తాను పనిచేసే ల్యాబులో రాగిపొట్టు తూకం వేస్తోంది.

"మా అమ్మ సోమవారం బెంగళూరికి రానంటాండాది. ఆపరేషన్ వద్దంట. పొట్టు తింటే గడ్డ కరిగిపోతాదని నువ్వే చెప్పినావంట కదా?"

చైత్ర తూకం ఆపేసింది.

గిరీశ్ తల్లి మునివెంకటమ్మ చైత్రకు మేనత్త. నెల కిందట ఊళ్లో పెట్టిన శిబిరంలో ఆమె రొమ్ములో చిన్న గడ్డ కనిపించింది. పరీక్ష చేస్తే క్యాన్సరేనని తేలింది. మొదట్లోనే దొరికింది కాబట్టి తీసేస్తే నయమయ్యే అవకాశం బాగా ఉందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది.

అంతకు రెండు నెలల ముందు చైత్ర ఊరి ఆడవాళ్ల సంఘంలో మాట్లాడింది. నలుగురిలో నోరు విప్పడం ఆమెకు అదే మొదలు. రాగుల పైపొట్టులో ఉండే కొన్ని పదార్థాలు క్యాన్సర్ రాకుండా సాయపడవచ్చని చెప్పింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకే బెదిరి కూర్చుండిపోయింది. అదంతా ఇంకా గాజు గిన్నెల్లో పెంచిన కణాల మీద చూసిందేనని, మనుషుల్లో రుజువు కాలేదని చెప్పాల్సిన సగం ఆమె కాగితంలోనే మిగిలిపోయింది.

శనివారం మధ్యాహ్నం చేళూరు మీదుగా పోయే బస్సెక్కి బాగేపల్లిలో దిగి, ఆటోలో ఊరు చేరింది. అత్త ఇంట్లో లేదు. వేరుశనగ చేలో కలుపు తీస్తోంది.

"రామ్మే, డాక్టరమ్మా! నీ మందు మూడు పూటలా తింటాండా. బర్రెకు పెట్టే పొట్టంతా నేనే తినేస్తే అది నా పక్క చూసేదే మానేసింది."

"అత్తా, నేను చెప్పింది అది కాదు."

"ఎట్ల కాదు? రాదంటివి కదా."

"రాకుండా సాయపడొచ్చేమో అంటి. వచ్చినాక పోతాదని అనలేదు."

"ఒకటే కదే! రాకుండా ఆపేదానికి వచ్చినదాన్ని తరిమేది ఒక లెక్కా?" మునివెంకటమ్మ మళ్లీ కలుపు మీదికి వంగింది. "కత్తికి భయపడతాండానని గిరీశు ఎగతాళి చేస్తాండాడు. అవును, భయమే. తప్పా?"

చైత్ర చీరకొంగు దోపి పక్క సాలులో కూర్చుని తనూ కలుపు పీకసాగింది. చేను చివరిదాకా పోయేసరికి గట్టు పక్కన జానెడు లోతు కాలువ కనిపించింది. నీళ్లు పారే కాలువ కాదది.

"ఇదేందత్తా?"

"కంబళిపురుగుకు. చెన్నరాయప్ప చేలో పడి ఆకంతా దువ్వేసింది. మన చేలోకి రాకముందే నేనూ గిరీశూ తోడితిమి. గంపల లెక్కన పడినాయి అందులో."

"మరి పురుగు మన చేలోకి వచ్చేసినాక తోడి ఉంటే?"

"వచ్చినాక తోడితే ఏం లాభమే, పిచ్చిదానా! మన చేలో పురుగు బయటికి పోకుండా మనమే కాపలా కాసినట్లు. అప్పుడు మందు కొట్టాల్సిందే, లేకుంటే చెయ్యి పెట్టి ఏరెయ్యాల్సిందే."

అనేసి మునివెంకటమ్మ ఆగింది. చేతిలోని గడ్డిపోచను అటూ ఇటూ తిప్పింది. తలెత్తి మేనకోడలిని చూసింది.

"బలే దానివే. నా నోటితోనే చెప్పిస్తివి."

"రా అత్తా. నేనూ వస్తా. నువ్వు మేలుకునేదాకా తలుపు దగ్గరే ఉంటా."

"వస్తాలే. కానీ ముందు నువ్వు సంఘంలో ఇదంతా చెప్పల్ల. నా ఒక్కదానికి చెప్తే సరిపోతాదా? ఆ దినం విన్నోళ్లు ఇరవైమంది."

నలుగురిలో నోరు విప్పడమంటే చైత్రకు ఇంకా భయమే. అయినా తలూపింది.

ఆదివారం సాయంత్రం సంఘం కూడింది. చైత్ర కాగితం తేలేదు. "ఆ దినం నేను సగమే చెప్తిని. తప్పు నాది," అని మొదలుపెట్టింది. ఈసారి చివరిదాకా నిలబడింది. ల్యాబులో ఏం చూశారో, ఏం చూడలేదో చెప్పింది. గడ్డ కనిపిస్తే ఆస్పత్రికే పోవాలని, తిండి మందుకు బదులు కాదని చెప్పింది.

"అయితే పొట్టు పారేయాల్నా?" అని యశోదమ్మ గట్టిగా అడిగింది. సంఘంలో అందరికన్నా పెద్ద నోరు ఆమెది.

"వద్దక్కా. జల్లెడ పట్టకుండా పొట్టుతోనే సంగటి చేసుకోండి. ఒంటికి మంచిదే. దాన్నే నమ్ముకోవద్దంటాండా, అంతే."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్కరే లేచిపోయారు. చైత్ర చెప్పులు వేసుకుంటుంటే యశోదమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. అంత గొంతూ గుసగుసయిపోయింది.

"నాకూ చంకలో ఏదో తగల్తాండాదమ్మా. శిబిరానికి పోలేదు. పొట్టు తింటాండా కదా అనుకుంటి. మీతో వస్తే చూస్తారా?"

"చూస్తారక్కా. రేపే రా."

సోమవారం తెల్లవారుజామున బాగేపల్లి స్టాండులో బెంగళూరు బస్సెక్కి మునివెంకటమ్మా యశోదమ్మా ముందు సీటులో కూర్చున్నారు. చైత్ర వాళ్ల వెనక కూర్చుంది.

"కిటికీ పక్క నాకు వదలు యశోదా. జబ్బుదాన్ని నేను."

"నాదింకా తేలనే లేదు. తేలని దానికే భయమెక్కువ. నేనే కూర్చుంటా."

కండక్టరు వచ్చి "యాడికమ్మా?" అన్నాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ముగ్గురూ ఆధార్ కార్డులు తీశారు.

"బెంగళూరికప్పా," అంది మునివెంకటమ్మ. "పోనూ, రానూ."

"వచ్చేటప్పుడు ఆ బస్సులో ఇస్తారు టికెట్టు."

"ఇస్తారులే. నువ్వైతే రాసుకో, మేము మళ్లీ వస్తామని."

కండక్టరు నవ్వి టికెట్లు చింపి ఇచ్చాడు. బస్సు హైవే ఎక్కింది.