అందరూ బాగేనా

పాష్క్ బాబాయి ఫోను చేశాడంటే మా గదిలో ఎవరో ఒకరి కాఫీ చల్లారిపోవలసిందే. మాది ష్కోడ్రా పట్నంలో కరెంటు ఫిర్యాదులు వినే ఆఫీసు. ఆయనది షాలా కొండల్లో పై ఊరు.

"బాగున్నావా తల్లీ? ఇంట్లో అందరూ బాగేనా? నాన్నగారి మోకాళ్ళెలా ఉన్నాయి? అలిసిపోయావా?"

మేం అన్నిటికీ జవాబు చెప్పి, మీరెలా ఉన్నారు బాబాయ్ అని అడగాలి. "దేవుడి దయ, అంతా బాగే" అంటాడు. నిజానికి అప్పటికే ఆయనింట్లో కరెంటు పోయి ఉంటుంది. భార్య దీలె ఆక్సిజన్ మిషను బ్యాటరీ మీద నడుస్తూ ఉంటుంది. అయినా సరే, బాగున్నారా అని అడిగినవాళ్ళ మొహాన కష్టాలు గుమ్మరించడం మా కొండల్లో మర్యాద కాదు. రెండో విడత పలకరింపులు కూడా అయ్యాక, "అన్నట్టు తల్లీ, ఇక్కడ కరెంటు లేదు" అంటాడు.

మాతో పనిచేసే ఎర్మిరా ఆయన గొంతు వినగానే ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో జనరేటర్ బండి వాళ్ళకి కబురు పెట్టేసేది. ఆయన అసలు సంగతికి వచ్చేసరికి బండి సగం కొండ ఎక్కి ఉండేది. "నీకెలా తెలిసిందమ్మా?" అని ఆశ్చర్యపోయేవాడు. "కలలోకొచ్చావు బాబాయ్" అనేది ఆ పిల్ల. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. అయినా ప్రతి ఈస్టరుకీ ఆయన పంపే జున్ను మా అందరి ఇళ్ళకీ చేరేది.

తర్వాత చాట్‌బాట్ వచ్చింది, జనం ఫోన్లో రాసే మెసేజీలకు తనంతట తనే జవాబు రాసే మిషను. రోజూ ఉండే మామూలు ఫిర్యాదులకు మనుషులెందుకని పెద్దాఫీసు వాళ్ళకు తోచింది. రాజధాని టిరానా నుంచి ఫతోస్ అనే కుర్ర ఇంజనీరును పంపారు. మంచివాడే, తిట్టడానికి కూడా బుద్ధి పుట్టదు. సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మొదట్లో ఆ బాట్ "మీ సమస్య తెలపండి" అని మొదలుపెట్టేది. జనం మండిపడ్డారు.

"నేనేమన్నా దొంగతనం చేశానా, పోలీసోడిలా అడుగుతోంది?" అని ఒకాయన ఆఫీసుకే వచ్చి అరిచాడు.

ఫతోస్ తల పట్టుకుని ఎర్మిరా దగ్గరికి వచ్చాడు. "మీరు మాట్లాడినట్టే రాసివ్వండి మేడమ్. అచ్చంగా మీలాగే."

ఎర్మిరా మనసు పెట్టి రాసింది. బాగున్నారా, ఇంట్లో అందరూ బాగేనా, అలిసిపోయారా అన్నీ ఉన్నాయి. ఎవరేం రాసినా ముందు పలకరింపు, తర్వాతే పని అని పట్టుబట్టింది. మా అందరికీ అది న్యాయంగానే తోచింది. పలకరించకుండా పనిలోకి దిగేది పన్నులు వసూలు చేసేవాడేగా. అవతలివాళ్ళు అంతా బాగే అంటే, పని తీరినట్టు లెక్కగట్టి సంభాషణ మూసెయ్యాలని ఫతోస్ తన వైపు నుంచి ఒక నియమం పెట్టాడు. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. పరీక్షించిన రోజున అందరం హడావిడిలో ఉన్నాం. అది పలకరించగానే కరెంటు లేదు, బిల్లు తప్పు అని టకటకా కొట్టేశాం. అది చక్కగా పని చేసింది. పాలకూర కూరిన బ్యూరెక్ రొట్టెలు తెప్పించుకుని తిన్నాం.

ఫిబ్రవరిలో మంచు విరుచుకుపడి షాలా వైపు తీగలన్నీ తెగాయి. ఫోన్లు మోగి మోగి మా చెవులు దిమ్మెక్కిపోయాయి. లైను దొరకని వాళ్ళందరినీ బాట్ దగ్గరికి మళ్ళించమన్నారు, మళ్ళించాం. అలా మళ్ళిన వాళ్ళలో పాష్క్ బాబాయి ఒకడు.

ముసలి వేళ్ళతో ఆయన రాసింది తర్వాత మేమంతా చదివాం. "బాగున్నావా తల్లీ" అన్నాడు. బాట్ ఎర్మిరా మాటల్లోనే ఆయనింట్లో అందరి గురించీ అడిగింది. "అంతా బాగే, దేవుడి దయ. నువ్వు అలిసిపోయావా?" అన్నాడు. చాలా సంతోషం, సెలవు అని అది మూసేసింది. అప్పుడు రాశాడు, కరెంటు పోయింది తల్లీ, దీలెకి ఊపిరి అందట్లేదు అని. మూసేశాక వచ్చిన మాటని అది కొత్త సంభాషణ కింద తీసుకుంది. కొత్తది కదా, ముందు పలకరింపు. బాగున్నారా, ఇంట్లో అందరూ బాగేనా? అడిగాక జవాబు చెప్పకుండా ఎలా ఉంటాడా మనిషి. "బాగే తల్లీ" అన్నాడు. మళ్ళీ మూసింది. ఆ మధ్యాహ్నమంతా అలాగే నడిచింది. చివర్లో "నా మీద కోపమొచ్చిందా అమ్మా? ఏమన్నా తప్పు మాట్లాడానా?" అని రాశాడు. బాట్ బాగున్నారా అంది.

మా లెక్కల్లో అవన్నీ తీరిన ఫిర్యాదులు. నాకు ఆ కంప్యూటరు తెర పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది.

దీలె దక్కలేదు. మంచు తీసి దారి తెరవగానే ఎర్మిరా, నేను పరామర్శకు వెళ్ళాం. మగవాళ్ళు గోడల వెంట కూర్చుని సిగరెట్లు కాలుస్తున్నారు. పాష్క్ బాబాయి లేచి నిలబడి మాకు చేదు కాఫీ ఇప్పించాడు. ఎర్మిరా తన పేరు చెప్పగానే గదిలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"ఎందుకమ్మా అంత దూరం వచ్చారు? ఆ రోజు నీకెంత పని ఉందో నాకు తెలుసు" అన్నాడాయన.

ఎర్మిరా కప్పు కింద పెట్టింది. ఆయన్ని వంటగదిలోకి రమ్మంది. నేనూ వెళ్ళాను.

"బాబాయ్, ఆ రోజు మాట్లాడింది నేను కాదు. అది మిషను. నా మాటలు నేర్పి పెట్టాం. దానికేం తెలీదు. నేనే చూసుంటే ఆ క్షణమే బండి పంపేదాన్ని."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "మనిషే లేదా అవతల?"

"లేదు బాబాయ్."

"దీలె అక్కడ కొట్టుకుంటుంటే నేను..." అని ఆగాడు. పొయ్యి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. వేడి తగిలి ఉంటుంది, తీసుకోలేదు. నేనే పట్టుకుని తీశాను. తలుపు దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"తల్లీ, ఈ సంగతి లోపలి వాళ్ళకి చెప్పకు. నీతోనే మాట్లాడానని అందరికీ చెప్పేశాను. పెళ్ళాం ఊపిరాడక పోతుంటే ఈ వెర్రోడు ఇనప డబ్బాకి క్షేమసమాచారాలు చెప్పుకుంటూ కూర్చున్నాడంటారు. నా కొడుకుల ముందు నేనెలా బతకను? నీకు తీరిక లేకపోయిందనే అనుకోనీ."

"ఆ పిల్లనేమంటారో తెలుసా నీకు?" అన్నాను నేను. ముసలాడని చూడకుండా ఇంకా అనేదాన్నే. ఎర్మిరా నా మోచెయ్యి గట్టిగా నొక్కింది.

"అలాగే బాబాయ్" అంది.

వెళ్ళొస్తామని చెప్పడానికి అందరూ కూర్చున్న గదిలోకి వచ్చాం. ఆడవాళ్ళ మధ్య నుంచి దీలె చెల్లెలు లేచి ఎర్మిరాకి అడ్డంగా నిలబడింది.

"మా అక్క పోతుందని ఆయన రాస్తుంటే నువ్వు చదివావు కదూ?"

ఎర్మిరా పాష్క్ బాబాయి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"చదివాను" అంది.