మొగుడి పేరు

ఇటుకలు మాత్రం గట్టిగానే పెట్టారు ఆస్పత్రి మంచానికి కాళ్ల వైపు, తల కిందికి, కాళ్లు పైకి, కృష్ణమ్మకు ఒళ్లంతా వెనక్కి జారిపోతున్నట్టుంది, జారితే జారనీ, కడుపులోది మాత్రం జారొద్దు, జర ఆగు బిడ్డా, రేపటిదాక ఆగు, రబియా డాక్టరమ్మ పొద్దున సూది వేస్తూ చెప్పలేదా, ఏడో నెలనే గదా, బిడ్డ ఊపిరితిత్తులు ఇంక పచ్చిగున్నయి, గీ సూది నీకే ఇస్తున్న గని పనిజేసేది లోపలి బిడ్డకు, రేపు ఇంకోటి ఇస్త, గందాక కాన్పు ఆగాలె, అమ్మో మళ్లీ బిగుసుకుంటోంది కడుపు, మొగుడు తన్నింది అక్కడే, బొడ్డు కింద, పోగు తెగిందని, తెగింది మగ్గం మీది పోగే కదరా, అతుక్కునేదే కదరా, దానికి కడుపులో తంతావా నీ కాలు పడిపోను, డాక్టరమ్మకేమో మగ్గం గుంటలో జారిపడ్డ అని చెప్పింది, చెప్పించింది అత్త లక్ష్మీనర్సమ్మ, ఇంటి పరువంట.

వచ్చారు తల్లీకొడుకులు, రేపు అమావాస్య, దాటితే ఎనిమిదో నెల వడ్తది, ఏడో నెల పిల్ల బతుకుతది గని ఎనిమిదోది బతుకదు, లే, సాలమ్మ మంత్రసాని మందు పోస్తది, ఇయ్యాలనే కనాలె, జీపు కిరాయికి తెచ్చినం అంటోంది అత్త, వాడు రెక్క పట్టి గుంజాడు, మంచం పట్టీని పట్టుకుంది, జుట్టు పట్టి గుంజాడు, వాడి చేయి నోటికందింది, కరిచింది, ఎముక తగిలేదాకా కరిచింది, ఉప్పగా నెత్తురు, చెంప పగిలింది, వదల్లేదు, వాడి కాలు లేచింది, అదే కాలు, అప్పుడు నోరు తెరిచింది, డాక్టరమ్మా, నేను జారిపడలె, దశరథ తన్నిండు, వార్డంతా ఇటు తిరిగింది, మొగుడి పేరు, పెళ్లయినంక ఒక్కనాడూ నోట పలకని పేరు, దశరథ, దశరథనే తన్నిండు, గొంతు పోయేదాకా అరిచింది, ఆయాలూ పక్క మంచాల దగ్గరున్న మొగోళ్లూ కలిసి వాణ్ని బయటికి ఈడ్చారు.

రెండో సూదీ పడింది, అమావాస్యా దాటింది, ఆ మర్నాడు కాన్పు, పిడికెడు ఆడపిల్ల, ఏడవదేమోనని ప్రాణం ఉగ్గబట్టుకుని చూస్తుంటే ఏడ్చింది, సన్నగా, ఆపకుండా, ఊపిరి మంచిగ తీస్తాంది, ఫికర్ జెయ్యకు అంది డాక్టరమ్మ, అత్త ఊరుకుంటుందా, నేనే లెక్క తప్పిన, ఇంక ఏడో నెలనే నడుస్తాంది, లేకుంటే బతుకునా, పా ఇంటికి, వాడు మళ్ల గట్ల జెయ్యడు అంటోంది, కృష్ణమ్మ వినడం లేదు, గుండెల మీద ఆ చిన్న పొట్ట లేచి పడుతోంటే చూస్తోంది, ఈ ఊపిరి నిలబడింది ఇక్కడ, ఆ ఇంట్లో నిలవదు, తనదీ నిలవదు, ఇక ఆ గడప తొక్కేది లేదు.