చీకటి అలమారాలో చింతమొక్క

మా ఆయనకు నా మీద ప్రేమ విడతలవారీగా వస్తుందని పెళ్ళైన మొదటి ఏడాదంతా నమ్మాను. నవ్వకండి. నా స్థానంలో ఉంటే మీరూ అదే అనుకునేవారు.

కొత్తలో ఆయన నాతోపాటే లేచేవారు. నేను కాఫీ పెడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, గిన్నెల చప్పుళ్ళు విని ఏది ఏ స్వరమో చెప్పేవారు. ఆయన పని పియానోలు శ్రుతి చేయడం. చిన్నతనంలో జబ్బు చేసి రెండు కళ్ళూ తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడున్నవి గాజుకళ్ళు. నాది మొక్కల నర్సరీలో పని. సాయంత్రం మట్టి చేతులతో ఇంటికొచ్చేసరికి మెట్ల మీద కూర్చుని, నా చెప్పుల చప్పుడు వీధి మలుపులోనే గుర్తుపట్టి నవ్వేవారు. ఇంతకంటే ఏం కావాలి అనుకునేదాన్ని.

తర్వాత జారడం మొదలైంది. రోజురోజుకూ కాస్త ఆలస్యంగా లేవడం, కాస్త ఆలస్యంగా పడుకోవడం. కొన్నాళ్ళకు నేను పనికి బయల్దేరే వేళ ఆయనకు గాఢనిద్ర, నేను పడుకునే వేళ ఆయనకు మెలకువ. నాతో భోజనానికి కూర్చుంటే చెయ్యి కంచంలో ఉండగానే తల వాలిపోయేది. పలకరిస్తే ముక్తసరిగా ఒక మాట. నాకు ఒళ్ళు మండేది.

"చిన్నప్పుడు ఇలా ఉండేవాడు కాదమ్మాయ్, కోడికంటే ముందు లేచేవాడు" అనేవారు అత్తయ్య. "ఆ కళ్ళు పోయిన దగ్గర్నించీ వీడిలో కుంభకర్ణుడు దూరాడు. ఎన్ని పనులు పోగొట్టుకున్నాడనీ! వాళ్ళు పొద్దున్నే రమ్మంటారు, వీడికేమో అప్పుడే కునుకు పడుతుంది. ఒళ్ళు వంగదు, అంతే."

ఆయన ఆ మాట ఎప్పుడొచ్చినా తల దించుకుని వినేవారు.

అలా కొన్ని వారాలు గడిచాక, ఏమీ జరగనట్టు మళ్ళీ ఒకరోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "ఆ పాలగిన్నె మూత మారిందే, శ్రుతి తగ్గింది" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. క్రితం రోజు నేను ఏం వండాను, ఏం మాట్లాడాను, దేనికి మెత్తబడ్డారు అని వెతుక్కున్నాను. అదే కూర మళ్ళీ మళ్ళీ వండాను. కానీ మంచి రోజులు వచ్చినట్టే వచ్చి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా జారిపోయేవి.

మూడోసారి జారడం మొదలయ్యేసరికి నా ఓపిక అడుగంటింది. అక్కకు ఫోన్ చేశాను.

"మనిషి మొహం చాటేస్తుంటే నువ్వక్కడ ఎవరికోసమే?" అంది అక్క. "బస్సెక్కి వచ్చెయ్. పక్క పరిచి ఉంచుతా."

మర్నాడు పొద్దున్నే సంచీ సర్దాను. చివరగా చింతమొక్క కోసం చూశాను. నర్సరీలో గింజ నాటి, నా చేత్తో మొలిపించి, పెళ్ళైన కొత్తలో ఆయనకిచ్చిన మొక్క అది. జానెడు కుండీలో మూరెడు ఎత్తు పెరిగింది. ఆయన ఎలాగూ రారు, అదైనా నాతో రావాలనుకున్నాను. కిటికీలో కుండీ లేదు. బాల్కనీలోనూ లేదు.

"వాడు మొన్న దాన్ని పట్టుకుని లోపలికి వెళ్తుంటే చూశాను" అన్నారు అత్తయ్య.

ఆయన పనిముట్లు పెట్టుకునే చెక్క అలమారా తెరిచాను. తీగచుట్టలు, ఉన్నిముక్కలు, తీగలు బిగించే పానాలు. వాటి మధ్య నా చింతమొక్క! తిక్క రేగి నిద్రపోతున్న మనిషిని కుదిపి లేపాను.

"మొక్కని అలమారాలో పెడతారా ఎవరైనా?"

"బాల్కనీలో గాలి ఈడ్చి కొడుతోంది" అన్నారు నిద్రమత్తులోనే. "కుండీ పడి పగిలితే నువ్వు బాధపడతావని. నీళ్ళు పోస్తూనే ఉన్నాలే."

"చీకట్లో బతుకుతుందా అది?"

"ఎందుకు బతకదు? నేను బతకట్లేదూ?"

నిష్ఠూరంగా కాదు, నిజంగానే అడిగారు. చీకటి ఒక మొక్కకు ఇబ్బంది అవుతుందని ఆయనకు తట్టలేదు. మళ్ళీ అలమారా వైపు తిరిగాను. అప్పుడు గమనించాను, మొక్క ఆకులన్నీ హాయిగా విచ్చుకుని ఉన్నాయి.

చింతాకులు సాయంత్రానికి ముడుచుకుంటాయి, పొద్దున విచ్చుకుంటాయి. అది రోజూ చూసేదే. ఎండ చూసి అలా చేస్తాయని నా లెక్క. మరి రెండు రోజులుగా తలుపు మూసిన అలమారాలో ఉన్న దీనికి తెల్లారిందని చెప్పిందెవరు? బస్సు సాయంత్రం కూడా ఉందిలే అనుకుని తలుపు మూశాను. పొద్దుగూకాక తెరిచి చూస్తే ఆకులు ముడుచుకుని ఉన్నాయి. ఆ బస్సూ ఎక్కలేదు.

"మొక్క పని ఒకటి మిగిలింది" అన్నాను అక్కతో. తనకు మతిపోయింది.

తెరిచినప్పుడల్లా వెలుతురు పడుతుందని, గది తలుపులు, తెరలు మూసేసి చీకట్లో తడిమి చూడడం మొదలుపెట్టాను. చేత కాలేదు. ఆయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"వేలి కొసతో కాదు, వెనకవైపుతో ముట్టుకో. బరువు వెయ్యకు. ఇదిగో, ఇప్పుడు తెలిసిందా?"

తెలిసింది. చీకట్లో మా ఇద్దరి చేతుల మధ్య ఆకులు ఒకదానికొకటి ఆనుకుని పడుకుని ఉన్నాయి. వెళ్ళిపోదామనుకున్న మనిషి చెయ్యి అంత వెచ్చగా ఉండడం ఏం న్యాయమో నాకు అర్థం కాలేదు.

ఇంకొన్ని రోజులకు మొక్క గాడి తప్పింది. నర్సరీలో చింతమొక్కలన్నీ విచ్చుకునే వేళకు ఇది ఇంకా నిద్రలోనే ఉంది. మర్నాడు ఇంకాస్త ఆలస్యం చేసింది. ఆ మర్నాడు ఇంకాస్త. విచ్చుకోవడం మానలేదు, ముడుచుకోవడం మానలేదు. తన పొద్దు తనకు ఉంది. అది మా పొద్దుతో కలవడం లేదు, అంతే.

అలమారా ముందు అలాగే కూలబడ్డాను. వెనక మంచం మీద, మిట్టమధ్యాహ్నం, మా ఆయన నడిరాత్రి నిద్రలో ఉన్నారు.

ఆకులు అప్పటికే పాలిపోతున్నాయి. కుండీని కిటికీలోకి మార్చాను. ఒకటి రెండు పొద్దుల ఎండ తగిలేసరికి అది తోటి మొక్కల దారిలో పడింది. దాన్ని చూసి సంతోషించాల్సింది పోయి ఏడుపొచ్చింది. ఈయనకు నేను ఏ కిటికీ తెరవను?

ఆయన గాజుకళ్ళు చూసే కంటి డాక్టరు గారి దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. నేను మొక్క సంగతి చెబుతుంటే ఆవిడ కలం పక్కన పెట్టి విన్నారు.

"మన ఒంట్లోనూ ఒక గడియారం ఉంటుందమ్మా. చాలామందిలో అది రోజుకంటే రవ్వంత నిదానం. పొద్దుటి వెలుతురు కంట్లోంచి వెళ్ళి దాన్ని రోజూ సరిచేస్తుంది. ఈయనకు వెలుతురు వెళ్ళే దారే లేదు. ఆ రవ్వంతా రోజూ కూడుకుంటూ పోతుంది. ఈయన పగలు మీ పగటి మీంచి జారి, మీ రాత్రంతా దాటుకుని, మళ్ళీ మీ దగ్గరికి వస్తుంది. వెలుతురు బొత్తిగా తెలియని వాళ్ళలో చాలామందికి ఇంతే."

చింతాకంత తేడా. దానికా నేను సంచీ సర్దింది!

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. "అయితే నేను బద్ధకస్తుణ్ణి కాదా డాక్టర్ గారూ?"

"ఎవరన్నారు?"

అత్తయ్య కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆ తుడవడం ఎంతకీ పూర్తవలేదు.

ఇంటికి వస్తుంటే వీధిలో నా మోచెయ్యి పట్టుకుని నడుస్తూ ఆయన అన్నారు. "నాకో అనుమానం ఉండేది. నువ్వు కొన్నాళ్ళు నాతో ప్రేమగా ఉండి, కొన్నాళ్ళు విసుక్కునేదానివి. నేనేం చేస్తే నీకు కోపం వస్తుందో ఎంత వెతుక్కున్నా దొరికేది కాదు."

నేను నడిరోడ్డు మీద నిలబడిపోయాను. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే తప్పు వెతుక్కున్నాం, అది ఇద్దరి దగ్గరా లేదు.

డాక్టరు గారు ఇచ్చిన మాత్ర కొంత పనిచేసింది. కొంతే. ఎప్పుడైనా ఆయన మళ్ళీ జారిపోతారు. ఇప్పుడు ఒక నాటకశాలవాళ్ళు తాళంచెవి ఇచ్చేశారు. హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఎప్పుడైనా వెళ్ళి శ్రుతి చేసుకోవచ్చు. పియానోకు పగలూ రాత్రీ పట్టింపు లేదు.

నిన్న నర్సరీలో లారీడు మట్టి దింపించి, నడుం విరిగి ఇంటికొచ్చాను. చీకటి పడుతోంది. ఆయన ఇంకా లేవలేదు. కాఫీ పెట్టి, మంచం దగ్గరికి తీసుకెళ్ళాను.

"లేవండి, తెల్లారింది."

"పొద్దుగూకే వేళ తెల్లార..." అని వంటింట్లోంచి అనబోయి, అత్తయ్య మధ్యలోనే ఆపేసుకుని, "నాకూ ఒక గ్లాసు పొయ్యమ్మాయ్" అన్నారు.

ఆయన లేచి కూర్చుని, కిటికీలో కుండీ వైపు చెయ్యి చాపి, వేలి వెనకవైపుతో ఆకుల్ని తాకారు.

"ఇది పడుకుంది" అన్నారు. "నీకూ నిద్రొస్తోందేమో. వెళ్ళి పడుకో."

కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆయనకు కనిపించవు కదా, గొంతు ఒక్కటి సరిచేసుకుంటే చాలు.

"అబ్బే, ఇప్పుడేం నిద్ర?" అని గ్లాసు ఆయన చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాను.

"గొంతు శ్రుతి తగ్గింది" అని నవ్వి, నా తలను తన భుజం మీదికి లాక్కున్నారు.