అన్ని గీతలూ కలిసే చుక్క

హెడ్‌ఫోను చెవులకు తగిలించుకునే ముందు రత్నమాల దాని స్పాంజిని పమిటచెంగుతో తుడిచింది. స్పాంజి ఎప్పుడో చిరిగిపోయింది. లోపలి వలగుడ్డ చెవికి గుచ్చుకుంటుంది. కొత్తది తెప్పిస్తామని ఈ కేంద్రాన్ని నడిపే సంఘం వాళ్ళు అంటూనే ఉన్నారు. ఆమె గుర్తు చెయ్యడం మానేసింది.

"నమస్కారమండీ, గల్ఫ్ సహాయ కేంద్రం. చెప్పండి."

"అక్కగారేనాండీ?"

"ఆయ్, నేనేనండీ."

ఆమె పొద్దు ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. అమలాపురంలో గడియారస్తంభం దాటాక ఒక సందు, ఆ సందులో బట్టలకొట్టు, దాని మీద రేకుల గది. అదే ఆఫీసు. కిటికీ తెరిస్తే బస్సుల హారన్లు, మూస్తే ఉక్క. రత్నమాల సగం మూసి ఉంచుతుంది. యాభై దాటిన మనిషి. గట్టి శరీరం, బరువుగా నడిచే కాళ్ళు, జుట్టుకు రంగు వెయ్యదు. కుడి ముంజేతి మీద మోచేతి దాకా నున్నగా మెరిసే కాలిన మచ్చ. మస్కట్‌లో ఒకరి వంటింట్లో వేడినూనె ఒలికి వచ్చింది. అప్పుడు నెలరోజులు ఆసుపత్రిలో ఉంది. నగరం అనే సొంతూరి నుంచి ఒక్క ఫోనూ రాలేదు. ఆమె ఎక్కడుందో కనుక్కోవాలని ఎవరికీ తోచలేదు. తిరిగొచ్చేసరికి భర్త ఇంకో కాపురం పెట్టుకున్నాడు. గుమ్మంలోకి వచ్చిన కొత్త ఇల్లాలు మర్యాదగా మంచినీళ్ళిచ్చింది. అవి తాగి, అదే పెట్టెతో రత్నమాల అమలాపురం బస్సెక్కేసింది.

ఆ ఆసుపత్రి గోడలు చూస్తూ గడిపిన నెలే ఆమెను ఈ కుర్చీలో కూర్చోబెట్టింది. కోనసీమ నుంచి వెళ్ళి ఆచూకీ తెలియకుండా పోయినవాళ్ళను వెతికిపెట్టడం ఆమె పని.

వెతికేది కంప్యూటరు. కాకినాడలో ఉండే తేజ అనే కుర్ర ఇంజినీరు తయారుచేసి ఇచ్చాడు. అందులో ఉన్నది ఒక పెద్ద వల. ప్రతి మనిషీ ఒక చుక్క. ఊరు, ఏజెంటు, పనిచేసే ఇల్లు, ఆసుపత్రి, అన్నీ చుక్కలే. ఎవరికి ఎవరు తెలుసో ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత. ఫోను చేసినవాళ్ళు చెప్పిన ప్రతి సంగతినీ నోటుగా టైపు చేస్తారు. ఆ నోట్లలోని ప్రతి మాటకూ లోపల ఇండెక్సు ఉంటుంది. పేరు కొడితే, ఆ పేరున్న నోట్లు ముందు దొరుకుతాయి. ఆ తర్వాత యంత్రం వాటి గీతల వెంట నడిచి, ఎవరి నోటు ఎవరికి సంబంధించిందో తేల్చి చూపిస్తుంది. మొదట్లో చిటికె వేసేలోగా చూపించేది. ఈ మధ్య తెర మధ్యన చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోతోంది.

కొత్తగా ఎవరు ఫోను చేసినా కేంద్రంలో తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "మీకు తెలిసినవాళ్ళెవరండీ?"

గోదారి మనిషి ఆ ప్రశ్నకు ఎవరూ తెలియదని చెప్పడు, అది మర్యాద కాదు. "రత్నమాల అక్కగారేనండి" అంటాడు. ఒమాన్‌లో ఈ చివర సీబులో ఉన్నవాడూ అంటాడు, ఆ చివర సలాలాలో ఉన్నావిడా అంటుంది. ఆమెను కంటితో చూడనివాళ్ళు కూడా అంటారు. రత్నమాల కాదనలేక ఒక గీత గీసేది. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చే యామిని కూడా అలాగే గీసేది. అక్కగారికి చెప్పమన్న కబుర్లను కూడా అక్కగారి చుక్కకే తగిలించేది. అలా తగిలించినవన్నీ రత్నమాల పేజీలో కనిపించాలి. ఆ పేజీ తెరుచుకోవడం మానేసి చాలాకాలమైంది. తేజకు చెబితే చూస్తానన్నాడు. ఆమె దాని జోలికి వెళ్ళడం మానేసింది.

పదిగంటలు దాటాక మెట్లు ఎక్కి ఒక మనిషి వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా ఎండిన బురద. ఒంటి నుంచి రొయ్యల మేత వాసన.

"రండి. కూర్చోండి."

"వద్దండి, కుర్చీ పాడైపోద్దండి. చెరువు కాడి నుంచి అలాగే వచ్చేసేను. చిట్టిబాబునండి, అల్లవరం నుంచి."

"కుర్చీదేముందండీ, తుడుచుకుంటాను. కూర్చుని చెప్పండి."

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మా ఆవిడండి. నాగదుర్గ. మస్కట్‌లో ఇంటిపని. కడుపులో నొప్పొస్తే ఇంటోళ్ళు ఆసుపత్రిలో దింపేసి ఎల్లిపోయేరంటండి. అక్కడ తుడిచే ఆవిడెవరో మన రాజోలు మనిషంట. పక్క మంచమోళ్ళ ఫోను అడిగి మాట్లాడింది. ఏ ఆసుపత్రో అడిగేలోపు కట్టయిపోయిందండి. నెంబరు కూడా పళ్ళేదు. ఆ ఇంటోళ్ళు ఎత్తట్లేదు, ఏజెంటు ఫోను ఆపేసేడు. నన్ను రమ్మని ఏడిచిందండి. నేనెలా ఎల్తానండి? కనీసం మాట్లాడదామని."

"ఎన్నాళ్ళయిందండీ?"

"పోయిన శనివారమండి."

రత్నమాల మరేమీ అడగలేదు. నాగదుర్గ, మస్కట్, ఆసుపత్రి అని కొట్టి మీట నొక్కింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. చిట్టిబాబు తెరవంక చూశాడు, ఆమె ముఖంవంక చూశాడు, మళ్ళీ తెరవంక చూశాడు.

సమయం మించిపోయిందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్ళీ కొట్టింది. ఈసారి రాజోలు అని కూడా చేర్చింది. మళ్ళీ అవే ఎర్ర అక్షరాలు.

ఆమె సెల్లు తీసి తేజకు ఫోను చేసింది. "బాబూ, ఇప్పుడే కావాలి. మనిషి ఎదురుగా కూర్చున్నారు."

అవతల కీబోర్డు టకటకలు వినిపించాయి.

"మేడం, ఇండెక్సు తప్పేం లేదండి. మాట వెంటనే దొరుకుతోంది. దొరికిన నోటు ఎవరిదో చూపించడానికి గీతలెంట వెళ్తోంది కదా, వెళ్ళినవన్నీ ఒక్క చుక్క దగ్గర ఇరుక్కుపోతున్నాయి."

"ఏ చుక్కా?"

"మీదేనండి. ఊళ్ళకున్న గీతల కంటే మీకే ఎక్కువున్నాయి. ఎవర్ని వెతికినా మీ దగ్గరికే వస్తోంది. అక్కణ్ణుంచి అందరి దగ్గరికీ పోతోంది. ఎప్పటికి తేలుతుందండి?"

"ఏం చెయ్యాలి?"

"మీ గీతలన్నీ తుడిచెయ్యాలండి. నోట్లెక్కడికీ పోవు. కానీ మీకెవరు తెలుసన్నది మళ్ళీ రాదు. రాత్రికి కూర్చుని కాపీ తీసుకుని…"

రత్నమాల చిట్టిబాబును చూసింది. అతను రెండు చేతులూ మోకాళ్ళ సందున ఇరికించుకుని, అర్థంకాని సంభాషణను శ్రద్ధగా వింటున్నాడు.

"రాత్రిదాకా ఎందుకు బాబూ? తుడిచెయ్యి."

"చాలా ఉన్నాయి మేడం. కొంచెం టైం పడుతుంది."

"పట్టనీ."

కిందినుంచి టీ వచ్చింది. చిట్టిబాబు గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు. టీ మీద మీగడ కట్టింది. మధ్యలో రెండు ఫోన్లు వస్తే రత్నమాల తరవాత చెయ్యమని చెప్పి పెట్టేసింది. ఇన్నేళ్ళలో ఆమె ఎవరినీ తరవాత చెయ్యమనలేదు. తేజ మధ్యమధ్య "అవుతోందండి" అంటున్నాడు. ఎండ కిటికీలోంచి బల్ల మీదికి పాకింది. ఆమెకు చెయ్యడానికి ఇంకేమీ లేదు. తెర చూస్తూ కూర్చుంది.

"అయిపోయిందండి. ఇప్పుడు కొట్టండి."

మీట మీద నుంచి వేలు తీసేలోగా జవాబు వచ్చేసింది. ఒకే ఒక్క నోటు. సోమవారం సాయంత్రం నాటిది.

'గంగాభవాని, రాజోలు. మస్కట్‌లో ఆసుపత్రిలో క్లీనింగు. అక్కడ నాగదుర్గ అనే అల్లవరం ఆవిడ ఉన్నారు, పరిస్థితి బాగాలేదు, ఇంటివాళ్ళ నెంబరు చెప్పలేకపోతున్నారు. రత్నమాల అక్కగారికి తెలియపరచవలెనని కోరినారు. అక్కగారి పేజీకి పంపడమైనది. యామిని.'

కింద నెంబరు ఉంది. రత్నమాల ఆ నోటు రెండోసారి చదవలేదు. నెంబరు కొట్టింది.

"ఎవరండీ? అయ్యో, అక్కగారా!" గంగాభవాని గొంతు పెద్ద హాల్లోంచి మాట్లాడుతున్నట్టు మోగింది. వెంటనే తగ్గిపోయింది. "ఇందాకేనండి అక్కగారూ. నేను బకెట్టు పెట్టేసి వచ్చేసరికి మంచం మీద దుప్పటి తీసేస్తన్నారు."

రత్నమాల కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది.

"ఆవిడకి రోజూ చెప్తానే ఉన్నానండి. అక్కగారికి కబురెట్టేను, ఇంక మీకేం భయం లేదు, ఆవిడ చూసుకుంటారు అని. ఆ మాటకి నిద్దరోయేవోరండి పాపం." అంతలో అడిగింది. "మీకు కబురందలేదాండీ?"

"అందిందమ్మా," అంది రత్నమాల. "ఇప్పుడందింది."

హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టింది. చిట్టిబాబు లేచి నిలబడ్డాడు.

"దొరికిందాండీ?"

"దొరికిందండీ."

"మాటాడొచ్చాండీ?"

ఇలాంటి కబురు ఆమె ఎన్నో ఇళ్ళకు ఫోనులో చెప్పింది. ఎదురుగా ఉన్న మనిషికి చెప్పడం ఇదే మొదలు. "చిట్టిబాబు గారూ, నాగదుర్గ గారు పోయేరండీ. ఇందాకే. మనం ఇక్కడ కూర్చుని ఉండగానే."

"ఆయ్," అన్నాడతను.

ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది. రాయబార కార్యాలయం, కాగితాలు, విమానం, హైదరాబాదు నుంచి అంబులెన్సు. ఆ వరసంతా ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటీ చెబుతుంటే అతను ప్రతిదానికీ "ఆయ్, ఆయ్ అండి" అంటూ తల ఊపాడు. అన్నీ అయ్యాక మెల్లగా అన్నాడు.

"మేతేసే టైమయిందండి. చెరువు కాడ ఇంకో మనిషి లేడు."

"ఇవాళ కూడానా?"

"రొయ్యకి తెలీదు కదండీ." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మా అమ్మాయి కాలేజీకెల్లిందండి. సాయంత్రం ఇంటికొస్తది. మీరు చెప్తారాండి ఫోను చేసి? నా వల్ల కాదండి. మీ నెంబరు దానికాడ ఉంది. రత్నమాల అక్కగారు తెలుసని దానికి ఎప్పుడూ చెప్తాను."

"చెబుతానండీ."

అతను చెప్పులు తొడుక్కోకుండా చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. కాసేపటికి అల్లవరం బస్సు కదిలిన చప్పుడైంది.

బల్ల మీది సెల్లులో తేజ ఇంకా లైన్లోనే ఉన్నాడు. "మేడం, ఇప్పుడు స్పీడు బాగుందాండీ?"

"బాగుంది బాబూ."

అతను పెట్టేశాక ఆమె తన పేజీ మీద నొక్కింది. అంతకాలం తెరుచుకోని పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. పైన ఆమె పేరు, ఊరు నగరం. కింద సంబంధాలు అని ఉన్నచోట తెల్లగా ఖాళీ. ఆమె కాసేపు దాన్ని చూసి మూసేసింది. ఫోను మోగుతోంది. తియ్యడానికి చెయ్యి చాపబోయి ఆగింది.

గోడ దగ్గర, అతను కూర్చున్న కుర్చీ వెనక, ప్లగ్గులో ఒక ఛార్జరు ఉంది. ఎప్పుడు పెట్టుకున్నాడో ఆమె గమనించలేదు. భార్య మాట్లాడుతుండగా ఫోను ఆగిపోకూడదని కాబోలు. తెగినచోట నల్లటి టేపు చుట్టిన తెల్ల వైరు నేల దాకా వేలాడుతోంది. దాని కొస ఫ్యాను గాలికి అటూ ఇటూ కదులుతోంది.