అయిదు రౌండ్ల తర్వాత యాభై నాలుగు

నేను ఒక గ్లూకోమీటరుని. రక్తపు బొట్టు ఇస్తే అంకె చెబుతాను. దాని అర్థం మాత్రం మనుషులే చెప్పుకుంటారు, చిక్కంతా అక్కడే.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. మందుల షాపు అద్దాల బీరువాలో ఆర్నెల్లు గడిపి, తెనాలిలో రిటైరైన డ్రిల్లు మాస్టారు కోదండపాణి గారి జేబులోకి చేరాను. జన్మంతా పిల్లల్ని పరుగుపందేల్లో గెలిపించిన ఆయన షుగరునీ పందెంగానే చూశారు. పార్కులో నడిచే మిత్రులు రోజూ బెంచీ మీద ఎవరి అంకె తక్కువో చూసుకునేవారు. తక్కువ వచ్చినవారికి చప్పట్లు. మాస్టారు మాత్ర వేసుకుని, టిఫిను మానేసి, అయిదు రౌండ్లు కొట్టి నా ముందు వేలు చాపేవారు.

ఒకరోజు యాభై నాలుగు చూపించాను. నాకు భయమేసింది. వాళ్లు చప్పట్లు కొట్టారు.

నన్ను గెలుపు కప్పులా పట్టుకుని ఇంటికొచ్చారు మాస్టారు. భార్య సుభాషిణి గారు నా వైపు చూడలేదు. ఆయన మెడ మీది చెమట, వణికే వేళ్లు చూశారు. మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తాగించాకే నోరు విప్పారు.

"తక్కువ వచ్చినవాళ్లకి కప్పేమైనా ఇస్తారా అండీ?"

"పార్కులో ఇస్మాయిల్‌కి తొంభై. నాకు యాభై నాలుగే," అన్నారాయన, గ్లాసు కింద పెడుతూ.

ఆమె ఆ రోజే ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు.

"మాస్టారూ, షుగరు పడిపోతే ఒళ్లు హడలిపోతుంది. గుండె దడదడలాడుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. పదేపదే ఇలా జరిగితే నాళాల లోపలి పొర దెబ్బతింటుంది. మీ పాత రిపోర్టు ప్రకారం గుండె నాళం ఒకటి ఇప్పటికే సగం పూడింది. ఇంకో పందెం గెలిస్తే ఏమవుతుందో నేను చెప్పలేను." మాత్ర మోతాదు తగ్గించి రాశారామె.

మర్నాడు మాస్టారు నాలుగు ఇడ్లీలు తిని పార్కుకెళ్లారు. నూటపద్దెనిమిది వచ్చింది.

"ఓడిపోయారు మాస్టారూ," అన్నారు మిత్రుడు ఇస్మాయిల్ గారు.

"ఆట నియమం మారిందయ్యా. డెబ్భై కిందికి దిగితే ఫౌల్."

అందరూ నవ్వారు, పందెం మాత్రం మానలేదు. మూడు వారాలకి అదే ఇస్మాయిల్ గారు మూడో రౌండులో చెమటలు కక్కుతూ బెంచీ మీద కూలబడ్డారు. మాస్టారు విజిల్ ఊది అందర్నీ ఆపారు. నేను యాభై ఎనిమిది చూపించాను. సుభాషిణి గారు రోజూ జేబులో పెట్టి పంపే పంచదార పొట్లాన్ని మాస్టారు విప్పి ఇస్మాయిల్ గారి నోట్లో పోశారు. పదిహేను నిమిషాలకి మళ్లీ వేలు చాపించారు.

తొంభై ఆరు.

ఇప్పుడు నా అద్దం మసకబారింది. సుభాషిణి గారి అల్మరాలో కొత్త మీటరు పక్కన పడుకుని ఉంటాను. అయినా ఆ పార్కులో అంకె పెరిగినందుకు మొదటిసారి చప్పట్లు మోగింది నన్ను చూసే.